పెద్దత్త అడిగే పాడు ప్రశ్న

మొన్న ఉదయగిరిలో మా ఆయన తరఫు చుట్టాలింట్లో బారసాలకు వెళ్ళి, నిండు పేరంటంలో చీవాట్లు తిని వచ్చాను. తిన్నందుకు నాకేమీ బాధ లేదు. పైగా తిరుగు బస్సులో ఆత్మకూరు దాకా నవ్వుకుంటూనే వచ్చాను. పక్క సీట్లో ఉన్నామె నన్ను అదోలా చూసి తన సంచీ అవతలి పక్కకు జరుపుకుంది కూడా.

జరిగిందేమిటంటే, పిల్లవాణ్ణి ఉయ్యాల్లో వేశారు, చెవిలో పేరు చెప్పారు, అందరూ అక్షింతలు చల్లారు. వంటింట్లోంచి పలావు వాసన గుప్పుమంటోంది. పిల్లవాడి తల్లి, పాపం చిన్న వయసే, నా పక్కన కూర్చుని చెమట తుడుచుకుంటోంది. ఆ పిల్లను చూస్తూ ఉంటే నా నోట్లోంచి మాట ఊడిపడింది.

"ఏమ్మా, మీరిద్దరూ లేకుండా పోతే ఈ బిడ్డ ఎవరింట్లో పెరగాలని అనుకున్నారు?"

అంతే! ఉయ్యాల ఊపే చెయ్యి ఆగిపోయింది. పిల్లవాడి అవ్వ నా మీదకు లేచింది. "నీ నోట్లో మన్ను బడ! శుభమా అని ఉయ్యాలేస్తా ఉంటే ఇవేం మాటలు?" అంది. వెనక నుంచి ఇంకెవరో, "అనంతసాగరం ముసలామె పోయింది, పీడ వదిలిందనుకుంటే, పోతా పోతా ఈమెకు అంటించి పోయినట్టుండాది" అన్నారు.

ఆ మాట వినగానే నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. పతకం మెళ్ళో వేసినట్టే అయింది.

ఆ ముసలామె మా ఆయనకు పెద్దమ్మ, అంటే నాకు పెద్దత్త. మా అత్తగారు నేను కాపురానికి రాకముందే కాలం చేసింది. అత్తరికం చూపించేందుకు ఎవరూ లేరని నేను లోలోపల కులాసాగా ఉన్నానా, కాపురానికి వచ్చిన వారానికే అనంతసాగరం నుంచి షేర్ ఆటోలో దిగింది ఈమె. ఇంకా ఆటో ఆగనే లేదు, కేక మొదలు: "ఒరే అబ్బాయ్, నీ పెళ్ళానికి అన్నం వండను వచ్చునా, లేక నేను వండుకోవాల్నా?" ఆటోలో ఉన్నవాళ్ళందరూ తలలు బయటపెట్టి నన్ను చూశారు.

పెద్దత్తకు ఒక సరదా ఉండేది. లోకం చేయవద్దన్న పనులన్నీ వెతికి వెతికి చేసేది. కుర్చీ వేస్తే కూర్చోదు, సరిగ్గా గడప మీదే కూర్చునేది. ఎవరైనా బయటికి బయలుదేరితే వీధి మలుపు దాకా వినపడేట్టు "యాడికిరా పోతుండావు?" అని అడిగేది. వాళ్ళు మొహం మాడ్చుకుని వెనక్కి వచ్చి, కాసిని నీళ్ళు తాగి మళ్ళీ బయలుదేరితే, మళ్ళీ అడిగేది. శుక్రవారం పూట వీధి అరుగు మీద దర్జాగా కాళ్ళు చాపుకుని గోళ్ళు తీసుకునేది. ఒకసారి మా ఆయన ఉద్యోగం ఇంటర్వ్యూకు వెళుతుంటే ఎదురొచ్చి పెద్దగా తుమ్మింది. ఈయన నెత్తి కొట్టుకున్నాడు. సాయంత్రం ఉద్యోగం వచ్చిందని స్వీట్లు తెస్తే, పొట్లం చేతిలో పెట్టకముందే "నా తుమ్ముకు వచ్చిందిరా అది" అని పగలబడి నవ్వింది. ఉదయగిరి బ్యాంకు బ్రాంచిలో పని. ఆ దారిలోనే ఉన్న ఒక స్కూల్లో నేనూ టీచరుగా చేరాను.

పెద్దత్త చేసే వాటన్నిటిలోకీ పెద్ద అపచారం ఈ పాడు ప్రశ్న. సీమంతం కానివ్వండి, బారసాల కానివ్వండి, పుట్టువెంట్రుకలు కానివ్వండి, చిన్న పిల్లలున్న జంట కనబడితే చాలు, కొంగు నడుముకు బిగించి, కళ్ళజోడు నెత్తిమీదికి తోసి, ఒక అరచేత్తో ఇంకో అరచేతిని ఫట్‌మని కొట్టి అడిగేది: "మీరిద్దరూ లేకపోతే ఈ బిడ్డ ఎవురింట్లో పెరగాల?"

తిట్టినవాళ్ళు తిట్టేవాళ్ళు. చెవులు మూసుకున్నవాళ్ళు మూసుకునేవాళ్ళు. అట్లాంటి మాటలంటే తథాస్తు దేవతలు వింటారని ఒకాయన బెదిరించాడు. "వినేటోళ్ళయితే మంచిదే గదా. బిడ్డ చిరునామా కూడా చెప్పండి, ఇనిపోతారు" అంది పెద్దత్త. ఆ సంగతి వీలునామాగా రాసి పెట్టుకోమనేది కూడా. రాస్తే ఆయుష్షు తగ్గుతుందని ఇంకొకాయన అంటే, "హెల్మెట్ పెట్టుకుంటే బండి పడిపోద్దా? అయితే తీసి అవతల పారెయ్" అంది. అవన్నీ ముసలివాళ్ళు రాసుకునేవి, ఆస్తులున్నవాళ్ళు రాసుకునేవి అంటే మాత్రం ఆమెకు ఒళ్ళు మండేది.

"ముసలోళ్ళకేంది తొందర? వాళ్ళ బిడ్డలకు మీసాలొచ్చుంటాయి, వాళ్ళన్నం వాళ్ళు తింటారు. ఉయ్యాల్లో బిడ్డ ఉన్నోళ్ళే రాయాల. ఆస్తి లేకపోతే బిడ్డ లేదా? బిడ్డను మించిన ఆస్తేందిరా?"

నాకు ఆ మాటలు వినడానికి భలే సరదాగా ఉండేవి, నా దాకా రానంతవరకు.

మా పాపకు మూడో ఏడు వచ్చినాక ఆత్మకూరులో మా ఇంట్లోనే చెవులు కుట్టించాం. చెవులు కుట్టేటప్పుడు బిడ్డ మేనమామ ఒడిలో కూర్చోవాలి కదా. మా తమ్ముడు కొత్త పంచె కట్టుకుని పీట మీద కూర్చున్నాడు. వాడు బోరుబండి మీద పనిచేస్తాడు, ఏడాదిలో ఎక్కువ భాగం కర్ణాటకలోనే. దీనికోసమే వచ్చాడు. పాప వాడి ఒడిలో బెల్లంముక్క చప్పరిస్తోంది. ఆచారి బంగారు తీగె పదును చూసుకుంటున్నాడు. పక్కన మా బావగారు, అంటే మా ఆయన అన్న, ఖద్దరు చొక్కాలో నిలబడి వచ్చినవాళ్ళందరికీ నమస్కారాలు పెడుతున్నాడు. ఆయన ఉదయగిరి పక్క మా సొంతూళ్ళో ఉంటాడు. ఊరి పంచాయితీలన్నీ ఆయనవే.

"ఆచారీ, ఒక్క నిమిషం ఆగు" అంది పెద్దత్త.

కొంగు బిగించింది. కళ్ళజోడు పైకి పోయింది. అయిపోయింది అనుకున్నాను. ఫట్!

"వీళ్ళిద్దరూ రోజూ ఒకే బండి మీద ఉదయగిరి రోడ్డున పోతా వస్తా ఉండారు. లారీల రోడ్డది. అనగూడదు గానీ అంటాను. ఈళ్ళు లేని రోజున ఈ బిడ్డ ఎవురింట్లో పెరగాల?"

"మా ఇంట్లో" అన్నారు ఇద్దరు, ఒకేసారి. మా తమ్ముడూ, మా బావగారూ.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "అక్క నాకు ఎప్పుడో మాట చెప్పింది. ఒడిలో కూర్చోబెట్టుకుంటా ఉండేది ఊరికేనా?" అన్నాడు మా తమ్ముడు. "తమ్ముడు నా చేతిలో చెయ్యేసి చెప్పినాడు. మా ఇంటి బిడ్డ మా ఇంట్లో గాక ఎవురింట్లో పెరుగుద్ది?" అన్నాడు బావగారు. నేను మా ఆయన వైపు చూశాను. మా ఆయన నా వైపు చూశాడు. ఒకరికి తెలియకుండా ఒకరం, ఎవరి తోడబుట్టినవాళ్ళకు వాళ్ళం బిడ్డను ఇచ్చేసుకున్నాం! ఒక్క బిడ్డను ఇద్దరికి! పంచాయితీలు చేసే ఇంట్లో, పిల్లలకు పాఠాలు చెప్పే ఇంట్లో, ఎవరూ కాగితం మీద పెట్టలేదు సరే, మొగుడూ పెళ్ళాలం ఒకరితో ఒకరు అనుకోను కూడా అనుకోలేదు.

పెద్దత్త మాత్రం చప్పట్లు కొట్టి నవ్వుతోంది. "ఇంకేం! ఇద్దరూ చెరొక చెవి పట్టుకోండి, ఆచారి పని తేలికైపోద్ది!"

చెవులు కుట్టడమైతే అయింది. పాప ఏడుపు ఆగింది గానీ, మా ఇంట్లో మాత్రం గొడవ ఆగలేదు. మావాళ్ళు అంటే మావాళ్ళు అనుకున్నాం. మీ అన్న ఇంటిపట్టున ఉండేదెప్పుడు అని నేను, మీ తమ్ముడికి ఇల్లంటూ ఉండేది ఎక్కడ అని ఆయన. బండి మీద కూడా మాటల్లేకుండానే పనికి పోయి వస్తున్నాం. వెనక కూర్చుని ఎదురొచ్చే లారీలను చూస్తుంటే నాకు మొదటిసారి భయమేసింది. ఇప్పుడు, ఈ నిమిషంలో, మేం పడితే? పాప ఆయా దగ్గర ఉంది. సాయంత్రం దాన్ని తీసుకుపోవడానికి రెండు ఇళ్ళవాళ్ళు వచ్చి గుమ్మంలో కొట్టుకుంటారు. అది ఎవరి చెయ్యి పట్టుకోవాలి?

ఆదివారం పెద్దత్త వచ్చింది. ఎప్పటిలా గడప మీద కూర్చుంది. ఆరోజు మాత్రం నవ్వలేదు. నేను అడక్కుండానే తన సంగతి చెప్పింది. అప్పటిదాకా మా ఆయనకు కూడా తెలియదట.

"ఒకే వానాకాలంలో మా అమ్మ, మా నాయన ఒకరెనక ఒకరు పోయినారు. మీ అత్త అప్పుడు చంటిది. దాన్ని చంకనేసుకోని నేను. ఎవురూ వద్దనలా అమ్మే, అది చెప్పాల. పెదనాయనా మా బిడ్డలే అన్నాడు, మేనమామా మా బిడ్డలే అన్నాడు. పెదనాయన ఇంటికి పోతే, మీ మామ కాడ తిని వచ్చుంటారులే అనుకునేవోళ్ళు. మామ ఇంటికి పోతే, పెదనాయన కాడ తినుంటారులే అనుకునేవోళ్ళు. అందరి బిడ్డలమే. ఏ ఇంట్లోనూ మాదనే కంచం లేదు."

మా ఆయన లేచి వెళ్ళి పెరట్లో నిలబడ్డాడు. పెద్దత్త కళ్ళు తుడుచుకోలేదు, ముక్కు చీది మళ్ళీ మామూలు గొంతుతో పెరట్లోకి కేకేసింది. "పోరా, పోయి నీ బామ్మర్దికి ఫోన్ చెయ్. రమ్మను. మీ ఇద్దర్నీ గాదు, వాళ్ళను అడగాల. పెంచేవోణ్ణి అడక్కుండా బిడ్డను ఇచ్చేదేంది? అదేమన్నా దూడా?"

మా తమ్ముడు ఇంకా ఊళ్ళోనే ఉన్నాడు, వచ్చాడు. పెద్దత్త వాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుంది. అందరిముందూ కాదు, మా ఇంట్లోవాళ్ళం మాత్రమే. "నాయనా, ఒళ్ళో కూర్చోబెట్టుకోవడం గాదు. పొద్దున్నే లేపి, తల దువ్వి, బడికి పంపి, జరమొస్తే రాత్రంతా మేలుకోని, పెద్దమనిషైతే కూర్చోబెట్టి... నీ వల్ల అవుద్దా? నిజం చెప్పు. కాదంటే ఎవురూ ఏమనుకోరు."

వాడు నా వైపు తిరిగి, "అక్కా, నా వల్ల గాదు" అన్నాడు. "దానికి ఏం కావాలన్నా తెస్తాను. అది నా పానం. కానీ నేను ఉండేది బండి మీద. రేపు నాకు పెళ్ళయితే, వచ్చే అమ్మాయి తరఫున ఇప్పుడే నేనెట్టా మాటిస్తాను?"

నాకు చెంప మీద కొట్టినట్టయింది. మేనమామ కాదనడమా! అమ్మ బతికి ఉంటే ఏమయ్యేదో! కానీ పెద్దత్త ఏం చేసిందనుకున్నారు? లేచి వాడి బుగ్గలు రెండూ పట్టుకుని నెత్తిన ముద్దు పెట్టింది. "మగోడివిరా! అందరూ సరే అంటారు, అనేదానికి ఏం పోతది. కాదనేవోణ్ణి ఇన్నేళ్ళకు నిన్నే చూసినాను. అమ్మే, ముందు వీడికి అన్నం పెట్టు. నెయ్యి దండిగా వెయ్!" అని ఒకటే హడావుడి. వాడు ఏడుస్తూ నవ్వుతూ తిన్నాడు.

ఇక మా బావగారి వంతు. ఆయన వస్తూనే, "ఇందులో అడిగేదేముంది పెద్దమ్మా, నా బిడ్డే గదా" అన్నాడు.

"నీ పెద్దోడు ఏ క్లాసురా?" అంది పెద్దత్త.

"ఏడో... కాదు, ఎనిమిదో..."

"నీ చిన్నదానికి ఏం తింటే పడదు?"

బావగారు తల గోక్కుని నవ్వేశాడు. "అయ్యన్నీ ఆమె చూసుకుంటది గదా పెద్దమ్మా."

ఫట్‌మని చప్పుడు. "అయితే రాయాల్సింది ఆమె పేరు! నీ పేరెందుకు?"

మేం అందరం బిత్తరపోయాం. నిజమే కదా! ఇంతమందిమి ఇన్నాళ్ళు కొట్టుకున్నాం. పెంచబోయే మనిషి పేరు మాత్రం ఒక్కరం ఎత్తలేదు. మా బావగారి భార్య, నా తోడికోడలు. అక్క అంటాను. అంటాను అనకూడదు, అనేదాన్ని. నేను చేసిన చేపల పులుసు మా గృహప్రవేశంలో నలుగురి ముందూ నీచువాసన వస్తోందని అందని, ఆమెతో నేను మాట మానేశాను. నెల్లూరు జిల్లాలో పుట్టినదాన్ని, నాకు చేపల పులుసు రాదంటే ఊరుకుంటానా! ఆమె కూడా తగ్గలేదు. చెవులు కుట్టిననాడు వచ్చింది, పాపకు గాజులు తొడిగింది, నాతో మాట్లాడకుండానే వెళ్ళిపోయింది.

"ఆమె మాత్రం వద్దు" అన్నాను.

పెద్దత్త నన్ను వంటింట్లోకి లాక్కుపోయింది. "నీకు నచ్చే మనిషిని నేనడగలా. పాపకు జరమొచ్చి, నువ్వు పక్కన లేకుంటే, అది ఎవురి రొమ్ము మీద నిద్రపోద్ది? అది చెప్పు."

చెప్పాల్సిన పని లేదు. కిందటేడు మా సొంతూళ్ళో జాతరకు పోయినప్పుడు పాపకు ఒళ్ళు కాలిపోయింది. నేను ఎత్తుకున్నా ఏడుపే, వాళ్ళ నాన్న ఎత్తుకున్నా ఏడుపే. అక్క ఒక్క మాట మాట్లాడకుండా నా చేతుల్లోంచి పాపను తీసుకుని, వాకిట్లో అటూ ఇటూ నడిచింది. తెల్లారేదాకా అది ఆమె భుజం మీద నుంచి తల ఎత్తలేదు. ఆరోజు నాకు కృతజ్ఞత కంటే కుళ్ళే ఎక్కువ కలిగింది.

"నువ్వు పోయినాక పులుసు రుచి చూసేది నువ్వు గాదు. పెరిగేది బిడ్డ" అంది పెద్దత్త.

ఆత్మకూరులో మాకు తెలిసిన వకీలు ఒకాయన ఉన్నాడు. మా మాటలన్నీ విని ఆయన తేలికగా చెప్పాడు. మాలో ఒకరు పోతే ఇంకొకరే బిడ్డకు దిక్కు, అందులో గొడవ లేదు. ఇద్దరూ లేని రోజు కోసమే ఈ వీలునామా. ఇద్దరం చెరొకటి రాయాలి, సంరక్షకురాలి పేరు రెండిట్లోనూ ఒకటే ఉండాలి, ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి. రిజిస్టరు చేయిస్తే ఇంకా గట్టి. తరువాత మనసు మారితే మళ్ళీ రాసుకోవచ్చు. ఇంతేనా! ఈ మాత్రం దానికి ఇంతకాలం భయపడ్డామా అనిపించింది.

"బిడ్డ ఒక చేతిలో ఉండాల, నేల ఇంకో చేతిలో ఉండాల అయ్యా" అంది పెద్దత్త ఆయనతో. "అప్పుడు ఒకర్ని ఒకరు చూసుకుంటా ఉంటారు." మాకున్న కాస్త నిమ్మతోట, ఇల్లు పాప పెద్దయ్యేదాకా చూసే బాధ్యత మా తమ్ముడికి పెట్టమంది. పెంచలేనని నిజం చెప్పినవాడు తోట విషయంలోనూ నిజమే చెబుతాడని ఆమె నమ్మకం. వకీలు నవ్వి, అట్లాగే రాయవచ్చు అన్నాడు.

సంతకాల రోజున పెద్దత్త పొద్దున్నే ఉదయగిరి బస్సెక్కి వెళ్ళి అక్కను వెంటబెట్టుకొచ్చింది. ఎందుకో చెప్పలేదట. "రా, పని ఉండాది" అని చీర మార్చుకునే తీరిక కూడా ఇవ్వలేదట. వకీలు గదిలో మేమందరం కుర్చీల్లో ఉన్నాం. పాప నా ఒడిలో ఉంది. అక్క గోడవారగా నిలబడింది. నేను తల తిప్పుకున్నాను.

పెద్దత్త సంగతంతా చెప్పింది. కొంగు బిగించలేదు, చేతులు కొట్టలేదు. "నిన్నెవురూ అడగలా, అందుకని నేనడుగుతుండాను. వీళ్ళు లేని రోజున ఈ బిడ్డను నీ ఇంట్లో పెంచుతావా? కాదనొచ్చు. దీని తమ్ముడు కాదనే అన్నాడు, వాడికి నెయ్యేసి అన్నం పెట్టినాం."

అక్క పాపనే చూస్తోంది. మా బావగారు గొంతు సవరించుకుంటే పెద్దత్త వేలు చూపించి ఆపేసింది. కాదంటుంది, కాదనాలి, కాకపోతే నాకు జరిగిన అవమానానికి అర్థమేముంది అని నా మనసులో ఒక మూల. కాదంటే నా బిడ్డ గతేంకాను అని మిగతా మనసంతా. నా చేతులు పాప చుట్టూ బిగుసుకున్నాయి.

అక్క నా ముందుకు వచ్చి నిలబడింది. గృహప్రవేశం తరువాత ఆమె నాతో మాట్లాడిన మొదటి మాట అది.

"దీనికి దేనంటే భయం?"

ఎందుకని కాదు, ఆస్తెంతని కాదు, ఆమె అడిగింది అది.

"మిక్సీ అంటే" అన్నాను. "ఆ చప్పుడు వినబడితే వణికిపోతుంది అక్కా. వేసేముందు చెవులు మూసుకోమని చెప్పి వేస్తాను."

అక్క పాప తలమీద చెయ్యి వేసి, కుట్టిన చెవి ఎర్రగా ఉందేమోనని వంగి చూసింది.

"అట్టయితే నేను రోట్లోనే నూరుకుంటాలే" అంది.

ఏడుపూ నవ్వూ కలిసి ముంచుకొచ్చాయి నాకు. పక్కన పెద్దత్త ఏమందో కూడా వినలేదు. మా ఆయన నోరు తెరిచేలోపే వకీలు వైపు తిరిగి, అక్క పేరు ఇంటిపేరుతో సహా నేనే చెప్పాను.